డేటాబేస్ టేబుల్‌లో మాటల్ని మూకుమ్మడిగా మార్చడం: అప్‌డేట్ కొట్టేముందు చూడాల్సినవి

టేబుల్‌లో ఒక కాలమ్ నిండా టెక్స్ట్ ఉంది. వేల వరుసల్లో ఒకే మాట తప్పుగా పడింది, లేదా ఆ మాట ఇక వాడకూడదని నిర్ణయించారు, లేదా వెబ్‌సైట్ అడ్రస్ మారింది. ఒక్కో రికార్డు తెరిచి దిద్దుకుంటూ కూర్చుంటే వారాలు పడుతుంది కాబట్టి ఎవరైనా చేసేది ఒక్కటే, ఒక్క లైను రాసి రన్ చేయడం. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లోనే వేయాలి:

అప్‌డేట్ వస్తువులు సెట్ వివరణ = రీప్లేస్(వివరణ, 'పాత మాట', 'కొత్త మాట');

వస్తువులు అనే టేబుల్‌లో, వివరణ అనే కాలమ్‌లో పాత మాట ఎక్కడుంటే అక్కడ తీసేసి కొత్త మాట పెట్టమని దీని అర్థం. మై ఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్, ఈ డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు అన్నిట్లోనూ ఇది దాదాపు ఇలాగే నడుస్తుంది. క్షణంలో అయిపోతుంది, ఎర్రర్ రాదు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది, తప్పుగా మార్చినా ఎర్రర్ రాదు.

ఈ పని నేను చాలాసార్లు చేశాను, కొన్నిసార్లు చెడగొట్టాను కూడా. చెడిన ప్రతిసారీ కారణం ఒకటే. అప్‌డేట్ ఎలా రాయాలా అని ఆలోచించాను గానీ, ఆ కాలమ్‌లో నిజంగా ఏముందో ముందు చూసుకోలేదు. ఇప్పుడైతే ఈ పనిలో ముప్పాతిక వంతు సెలెక్ట్‌తోనే, అంటే డేటాని మార్చకుండా తీసి చూపించే కమాండ్‌తోనే చేస్తాను. చివర్లో అప్‌డేట్ రాయడానికి అర నిమిషం చాలు.

పార్సెల్‌లో సెల్ ఉంది

వివరణల్లో 'సెల్' అని ఉన్నచోటల్లా 'మొబైల్' అని పెట్టాలనుకుందాం. పై లైనులో ఆ రెండు మాటలూ పెట్టి రన్ చేశారు. 'సెల్ కవర్' చక్కగా 'మొబైల్ కవర్' అయింది. దాంతోపాటు 'పార్సెల్' కాస్తా 'పార్మొబైల్' అయింది, 'సెల్ఫ్' పోయి 'మొబైల్ఫ్' వచ్చింది, 'క్యాన్సెల్' ఉన్నచోట 'క్యాన్మొబైల్' కూర్చుంది.

ఎందుకిలా అవుతుందో దగ్గరగా చూద్దాం. 'పార్సెల్' అన్న మాటను మన కన్ను మూడు నాలుగు అక్షరాలుగా చదువుతుంది. అందులో స అనేది ర కింద ఒత్తుగా ఉంటుంది, ఎత్వం ర నెత్తిన ఉంటుంది, కాబట్టి చూడటానికి అక్కడ 'సెల్' అనే ముక్కే కనపడదు. కానీ యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలకి వాడే కోడ్ల పద్ధతిలో, ఆ మాట వరుసగా ఎనిమిది కోడ్లు: ప, దీర్ఘం, ర, పొల్లు, స, ఎత్వం, ల, పొల్లు. చివరి నాలుగూ చూడండి, అచ్చంగా 'సెల్'. రీప్లేస్‌కి ఒత్తులు, గుణింతాలు, పదాలు, అర్థాలు ఏవీ తెలియవు. దానికి తెలిసింది కోడ్ల వరుస ఒక్కటే. తెలుగు డేటా మీద పనిచేసేవాళ్లు దీన్ని ఇంగ్లిష్ డేటా కంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇంగ్లిష్‌లో మాటలో మాట ఇరుక్కుని ఉంటే కంటికి తెలుస్తుంది, మన లిపిలో తెలియదు.

అటూ ఇటూ ఖాళీ పెట్టి ' సెల్ ' అని వెతికితే సరిపోతుందని చాలామంది అంటారు. వాక్యం మొదట్లో ఉన్న సెల్, చివర్లో ఉన్న సెల్, పక్కన కామా ఉన్న సెల్ దానికి దొరకవు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (మాటకి బదులు నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) పదం సరిహద్దు గుర్తు వాడొచ్చు, కానీ అన్ని ఇంజన్లూ తెలుగు గుణింతాలనీ పొల్లునీ పదంలో భాగంగా లెక్కించవు, కాబట్టి మీ డేటా మీద పరీక్షించి చూసుకోకుండా దాన్ని నమ్మొద్దు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి: పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి నమూనాతో మార్చే రెజెక్స్‌ప్-రీప్లేస్ మామూలుగా మొదటి చోట మాత్రమే మారుస్తుంది, అన్నిచోట్లా మార్చాలంటే 'జీ' అనే ఫ్లాగ్ ఇవ్వాలి, అదే మై ఎస్‌క్యూఎల్ 8లో ఏమీ ఇవ్వకపోయినా అన్నిచోట్లా మార్చేస్తుంది.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి కాస్త మొరటుగా ఉంటుంది. 'సెల్' ఉన్న వరుసలన్నీ సెలెక్ట్ చేసి చూడటం, అక్కర్లేని మాట కనిపిస్తే 'నాట్ లైక్ %పార్సెల్%', అంటే పార్సెల్ ఉన్నవి వద్దు, అని ఒకటి జోడించి మళ్లీ చూడటం, ఇంకోటి కనిపిస్తే అదీ జోడించడం. నాలుగైదు విడతల్లో ముట్టుకోకూడని మాటల జాబితా మొత్తం చేతికొస్తుంది. అలాగని ఆ వరుసల్ని పూర్తిగా పక్కన పెట్టేయకూడదు, ఒకే వివరణలో 'సెల్', 'పార్సెల్' రెండూ ఉండొచ్చు కదా. అందుకే ముందు 'పార్సెల్' ఉన్నచోట ఆ కాలమ్‌లో ఎక్కడా లేని ఏదో ఒక గుర్తు, '##1##' లాంటిది, పెట్టి దాచి, తర్వాత 'సెల్'ని మార్చి, చివర్లో ఆ గుర్తు స్థానంలో 'పార్సెల్'ని తిరిగి పెట్టాలి. మూడు రీప్లేస్‌లు ఒకదాంట్లో ఒకటి పెట్టి ఒకే అప్‌డేట్‌లో చేయొచ్చు.

పాతది, కొత్తది పక్కపక్కనే

మార్చే ముందు ఈ క్వెరీ నడపండి:

సెలెక్ట్ ఐడీ, వివరణ, రీప్లేస్(వివరణ, 'సెల్', 'మొబైల్') ఫ్రమ్ వస్తువులు వేర్ వివరణ లైక్ '%సెల్%';

వేర్ అనేది ఏ వరుసలు కావాలో చెప్పే షరతు, లైక్ అంటే ఆ ముక్క ఉన్నవి. ఎడమ పక్క ఇప్పుడున్నది, కుడి పక్క మార్చాక వచ్చేది. మొదటి ఇరవై వరుసలు చూసి సరే అనుకోవద్దు. మధ్యలోవి చూడండి, అన్నిటికంటే పొడుగైనవి చూడండి, అన్నిటికంటే పొట్టివి చూడండి. తేడా వరుసలు చాలావరకు ఆ రెండు చివర్ల దగ్గరే దొరుకుతాయి. తర్వాత సెలెక్ట్‌ని అప్‌డేట్‌గా మార్చేటప్పుడు వేర్ భాగాన్ని కాపీ చేసి పెట్టండి, మళ్లీ చేత్తో టైప్ చేయొద్దు.

ఈ క్వెరీకి ఎన్ని వరుసలొచ్చాయో ఆ సంఖ్య రాసి పెట్టుకోండి. ఎందుకంటే లైక్, రీప్లేస్ రెండూ ఒకే కళ్లతో చూడవు. మై ఎస్‌క్యూఎల్‌లో మామూలు సెట్టింగుల్లో లైక్‌కి ఇంగ్లిష్ పెద్ద బడి, చిన్న బడి తేడా లేదు, రీప్లేస్‌కి ఉంది. దాంతో వేర్ 120 వరుసల్ని పట్టుకుంటుంది, రీప్లేస్ అందులో 87 మాత్రమే మారుస్తుంది. మై ఎస్‌క్యూఎల్ ఈ రెండు అంకెల్నీ విడివిడిగా చూపిస్తుంది, మ్యాచ్ అయినవి ఎన్ని, మారినవి ఎన్ని అని. ఆ మిగతా 33 ఏమిటో చూడకుండా ముందుకెళ్లొద్దు. పోస్ట్‌గ్రెస్‌లో అలా కాదు, విలువ మారకపోయినా వేర్‌కి దొరికిన ప్రతి వరుసనీ అప్‌డేట్ అయినట్టే లెక్క చెప్తుంది, అక్కడ లైక్‌కి కూడా పెద్ద బడి, చిన్న బడి తేడా ఉంటుంది, వద్దనుకుంటే ఐలైక్ వాడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రీప్లేస్ ఆ కాలమ్ కొలేషన్‌ని (అక్షరాల్ని ఎలా పోల్చాలో చెప్పే సెట్టింగ్) బట్టి నడుచుకుంటుంది. ఒకచోట నేర్చుకున్న అలవాటు ఇంకోచోట ఎందుకు దెబ్బ తీస్తుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

లైక్‌లో ఇంకో ఉచ్చు ఉంది, అండర్‌స్కోర్. శాతం గుర్తు అంటే ఏదైనా ఎంతైనా అని అందరికీ తెలుసు, అండర్‌స్కోర్ అంటే ఏదైనా ఒక్క అక్షరం అని చాలామందికి గుర్తుండదు. ఫైలు పేర్లున్న కాలమ్‌లో 'ఫొటో_1' అని వెతికితే 'ఫొటో-1' కూడా వచ్చేస్తుంది. రీప్లేస్ వాడుతుంటే నష్టం లేదు, అది అండర్‌స్కోర్‌ని అండర్‌స్కోర్‌గానే చూస్తుంది. సెట్‌లో నేరుగా ఒక విలువ రాస్తేనే ప్రమాదం, వేర్‌కి దొరికినవన్నీ ఆ విలువే అయిపోతాయి.

కంటికి ఒకటే, డేటాబేస్‌కి రెండు

అప్‌డేట్ కొట్టారు, సున్నా వరుసలు మారాయంది. మాట కళ్లెదుటే ఉంది. ఇలాంటప్పుడు కాలమ్‌లో కనపడని అక్షరమేదో ఉందని అనుమానించాలి.

వెబ్ పేజీల నుంచో వర్డ్ ఫైళ్ల నుంచో కాపీ చేసి పెట్టిన టెక్స్ట్‌లో మామూలు ఖాళీ బదులు విడిపోని ఖాళీ (నాన్ బ్రేకింగ్ స్పేస్) ఉంటుంది. చూడటానికి తేడా లేదు, అంచుల్లోని ఖాళీల్ని తీసే ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీయదు, మై ఎస్‌క్యూఎల్ ట్రిమ్ తీసేది మామూలు ఖాళీల్ని మాత్రమే. తెలుగులో దీనికి తోడు జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట, వ కలిసి ఒత్తు కాకుండా మధ్యలో పెట్టే గుర్తు అది. ఒక కీబోర్డు పెడుతుంది, ఒకటి పెట్టదు, ఇంకొకటి మాట చివర పొల్లు తర్వాత కూడా పెడుతుంది, అక్కడ పెడితే కంటికి ఏ తేడా తెలియదు. అందుకే ఒకే మాట ఒకే కాలమ్‌లో రెండు మూడు రకాలుగా పడి ఉంటుంది.

అన్నిటికంటే చిత్రమైనది ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వానికి సొంత కోడ్ ఉంది, కానీ దాన్నే ఎత్వం, కింద ఐత్వపు గుర్తు అని రెండు కోడ్లుగా కూడా రాయొచ్చు. 'పై' అన్న మాట ఒకచోట రెండు కోడ్లు, ఇంకోచోట మూడు కోడ్లు. తెరమీద ఒకేలా ఉంటాయి, రీప్లేస్‌కి మాత్రం అవి వేర్వేరు మాటలు. యూనికోడ్ లెక్కలో ఇవి రెండూ సమానమే కాబట్టి నార్మలైజ్ చేస్తే ఒకే రూపానికి వస్తాయి, పోస్ట్‌గ్రెస్‌లో 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ దీనికోసమే ఉంది.

అనుమానం వచ్చినప్పుడు టెక్స్ట్‌ని కంటితో కాకుండా బైట్లలో చూడాలి. మై ఎస్‌క్యూఎల్‌లో హెక్స్ ఫంక్షన్ వాడితే ఏ బైట్ ఎక్కడుందో కనిపిస్తుంది. యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా దాచే పద్ధతి) ప్రతి తెలుగు కోడ్‌కీ మూడు బైట్లు పడతాయి. 'తెలుగు' అంటే ఆరు కోడ్లు, 18 బైట్లు. హెక్స్ తీసినప్పుడు 18 బదులు 21 బైట్లు వచ్చాయంటే లోపల ఇంకో అక్షరం దాగి ఉన్నట్టే.

మ్యాపింగ్ టేబుల్, అందులో ఒక గొయ్యి

ఒక మాట మార్చడం వేరు, ఒక కాలమ్‌ని శుభ్రం చేయడం వేరు. ఉద్యోగుల టేబుల్‌లో హోదా అనే కాలమ్‌లో 'మేనేజర్', 'మేనేజరు', 'మ్యానేజర్', చివర ఖాళీతో మరో 'మేనేజర్' ఉంటాయి. ఇలాంటప్పుడు ముందు ఆ కాలమ్ మీద గ్రూప్ బై పెట్టి ఏ విలువ ఎన్నిసార్లు ఉందో తీయండి. మై ఎస్‌క్యూఎల్ పాత కొలేషన్లలో చివరి ఖాళీని పట్టించుకోరు, కాబట్టి రెండు రకాలు ఒక్కటిగా కలిసిపోయి కనిపిస్తాయి, హెక్స్ మీద గ్రూప్ చేస్తే విడిపోతాయి. ఆ జాబితాతో మ్యాపింగ్ అనే రెండు కాలమ్‌ల టేబుల్ ఒకటి చేసుకుని, ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది రాయండి. దాన్ని ఆ డేటా గురించి తెలిసిన మనిషికి చూపించొచ్చు, వాళ్లకి ఈ కమాండ్ల భాష ఎస్‌క్యూఎల్ రాకపోయినా ఫర్వాలేదు.

గొయ్యి ఈ టేబుల్‌తో అప్‌డేట్ చేసే దగ్గరుంది. చాలామంది సహజంగా ఇలా రాస్తారు:

అప్‌డేట్ ఉద్యోగులు సెట్ హోదా = (సెలెక్ట్ కొత్తది ఫ్రమ్ మ్యాపింగ్ వేర్ పాతది = హోదా);

నేనూ ఇలాగే రాశాను. మ్యాపింగ్‌లో ఉన్న హోదాలు చక్కగా మారాయి. మ్యాపింగ్‌లో లేనివి, అంటే ముందునుంచీ సరిగ్గానే ఉన్నాయని నేను జాబితాలో పెట్టని హోదాలన్నీ, తుడిచిపెట్టుకుపోయాయి. ఎందుకంటే బ్రాకెట్లో ఉన్న సెలెక్ట్‌కి ఏమీ దొరక్కపోతే అది నల్, అంటే విలువే లేదని, ఇస్తుంది, అప్‌డేట్ ఆ నల్‌నే తీసుకెళ్లి కాలమ్‌లో పెడుతుంది. వెనక 'వేర్ ఎగ్జిస్ట్స్' పెట్టి మ్యాపింగ్‌లో ఉన్నవాటికే పరిమితం చేయాలి, లేదా రెండు టేబుళ్లని కలిపే జాయిన్‌తో రాయాలి. ఆ రోజు పడ్డ టెన్షన్ తర్వాత ఈ ఒక్కటి ఎప్పుడూ మర్చిపోలేదు.

నల్‌తో ఇంకా ఉన్నాయి. ఒరాకిల్ తప్ప మిగతావాటిలో రీప్లేస్‌కి ఇచ్చే మూడింటిలో ఏది నల్ అయినా ఫలితం నల్. మై ఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ ముక్కల్ని కలిపే కన్‌క్యాట్‌లో ఒక ముక్క నల్ అయితే మొత్తం నల్, పోస్ట్‌గ్రెస్ కన్‌క్యాట్ మాత్రం నల్‌ని వదిలేసి మిగతావి కలుపుతుంది. ఒరాకిల్‌లో ఖాళీ టెక్స్ట్ కూడా నల్ కిందే లెక్క.

మెయిల్ అడ్రస్‌లన్నీ చిన్న బడిలోకి మార్చడం లాంటివి చేసేటప్పుడు, యూనిక్ అని, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకూడదని పెట్టిన కాలమ్‌లో రెండు వేర్వేరు విలువలు మార్చాక ఒక్కటైపోయి అప్‌డేట్ మొత్తం ఆగిపోవచ్చు. మార్చాక వచ్చే విలువ మీద గ్రూప్ బై పెట్టి ఒకటి కంటే ఎక్కువున్నవి ముందే తీయండి.

టెక్స్ట్ లోపల లెక్క ఉంటే

ఇది వర్డ్‌ప్రెస్ సైట్లు నడిపేవాళ్లకి బాగా తగిలే దెబ్బ. సైట్‌ని 'హెచ్‌టీటీపీ' నుంచి 'హెచ్‌టీటీపీఎస్'కి మార్చారు, డేటాబేస్‌లో రీప్లేస్ కొట్టారు, పోస్టులన్నీ బాగున్నాయి, కానీ విడ్జెట్లు, థీమ్ సెట్టింగులు మాయమయ్యాయి. వాటిని వర్డ్‌ప్రెస్ నడిచే భాష పీహెచ్‌పీ సీరియలైజ్ చేసి దాస్తుంది, అంటే టెక్స్ట్‌తో పాటు దాని పొడవు కూడా పక్కనే రాస్తుంది: 'ఎస్:18' అని, ఆ తర్వాత 18 బైట్ల అడ్రస్. రీప్లేస్ అడ్రస్‌లో ఒక అక్షరం పెంచింది, ఇప్పుడది 19 బైట్లు, పక్కనున్న 18 మాత్రం 18గానే ఉంది. చదివేటప్పుడు పీహెచ్‌పీకి లెక్క కుదరదు, మొత్తం పక్కన పడేస్తుంది. ఇలాంటి కాలమ్‌ల మీద ఎస్‌క్యూఎల్ రీప్లేస్ వాడకూడదు. వర్డ్‌ప్రెస్‌ని కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో ఉన్న సెర్చ్-రీప్లేస్ కమాండ్ ఆ డేటాని విప్పి, మార్చి, కొత్త పొడవుతో మళ్లీ కడుతుంది, డ్రై రన్ అని పెడితే ఏమీ ముట్టుకోకుండా ఎన్ని మారతాయో చెప్తుంది.

అదే ఉదాహరణలో ఇంకోటి కూడా ఉంది. మీరు 'హెచ్‌టీటీపీ'ని వెతికి 'హెచ్‌టీటీపీఎస్' పెడితే, అప్పటికే సరిగ్గా ఉన్న అడ్రస్‌లకి చివర ఇంకో ఎస్ తగులుతుంది. రెండోసారి రన్ చేస్తే మూడో ఎస్. కోలన్, రెండు గీతలు కూడా కలిపి వెతికితే ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు. మధ్యలో కనెక్షన్ పోయి, పని అయిందో లేదో తెలియక మళ్లీ నడపాల్సొచ్చినప్పుడు ఈ తేడా ప్రాణం కాపాడుతుంది.

వెనక్కి రావడానికి దారి

ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అప్‌డేట్ చేసి, సెలెక్ట్‌తో చూసుకుని, బాగుంటే కమిట్ (మార్పు ఖాయం), లేకపోతే రోల్‌బ్యాక్ (మార్పు రద్దు). ఇది తెలిసిందే. తెలియాల్సినవి వేరే ఉన్నాయి. మై ఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ (ప్రతి కమాండ్‌నీ వెంటనే ఖాయం చేసే సెట్టింగ్) ముందునుంచే ఆన్‌లో ఉంటుంది, మీరు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే రోల్‌బ్యాక్ చేయడానికి ఏమీ మిగలదు. పాత టేబుళ్లు మైఐసామ్ అనే నిల్వ ఇంజన్‌లో ఉంటే ట్రాన్సాక్షన్ పెట్టినా ఉపయోగం లేదు, ఆ ఇంజన్‌కి రోల్‌బ్యాక్ రాదు. మధ్యలో టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ లాంటిది నడిపితే మై ఎస్‌క్యూఎల్, ఒరాకిల్ అంతవరకూ చేసిందంతా మిమ్మల్ని అడగకుండానే కమిట్ చేసేస్తాయి.

పైగా తప్పు అప్పటికప్పుడు కనపడదు, రెండ్రోజుల తర్వాత ఎవరో చెప్తే తెలుస్తుంది. అప్పటికి రోల్‌బ్యాక్ ఉండదు, పూర్తి బ్యాకప్ వెనక్కి పెడితే ఈ రెండ్రోజుల్లో వచ్చిన కొత్త డేటా పోతుంది. అందుకే మార్చబోయే వరుసల ఐడీ, పాత విలువ ఈ రెండే ఒక చిన్న టేబుల్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఐడీ మీద జాయిన్ చేసి పాత విలువల్ని ఎప్పుడైనా తిరిగి పెట్టొచ్చు.

వేర్ మర్చిపోతారన్న భయం ఉంటే మై ఎస్‌క్యూఎల్‌లో సేఫ్ అప్‌డేట్స్ అనే సెట్టింగ్ ఉంది. వర్క్‌బెంచ్‌లో అది ముందునుంచే ఆన్‌లో ఉంటుంది, కీ కాలమ్ మీద వేర్ గానీ, ఎన్ని వరుసలో చెప్పే లిమిట్ గానీ లేని అప్‌డేట్‌ని 1175 ఎర్రర్‌తో ఆపేస్తుంది. చిరాకుగా ఉందని చాలామంది తీసేస్తారు, నేను ఉంచుకోమనే చెప్తాను.

లక్షల వరుసలైతే

పెద్ద టేబుల్‌లో ఒకేసారి మార్చొద్దు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక స్టేట్‌మెంట్ ఒకే టేబుల్ మీద 5,000 లాక్‌లు (వేరేవాళ్లు మార్చకుండా వేసే తాళాలు) తీసుకుంటే అవి మొత్తం టేబుల్ లాక్‌గా మారే అవకాశం ఉంది, మిగతావాళ్లందరూ ఆగిపోతారు. పోస్ట్‌గ్రెస్ ప్రతి అప్‌డేట్‌కీ వరుసని కొత్తగా రాసి పాతది అలాగే ఉంచుతుంది, వాక్యూమ్ వచ్చి తీసేదాకా అది చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. అక్కడ వేర్ లేకుండా రీప్లేస్ కొడితే మారని వరుసలు కూడా మళ్లీ రాయబడి టేబుల్ దాదాపు రెట్టింపు అవుతుంది.

కాబట్టి ఐడీ ప్రకారం 1 నుంచి 5,000, తర్వాత 5,001 నుంచి 10,000 అని విడతలుగా చేసి ప్రతి విడతకీ కమిట్ చేయాలి. లిమిట్, ఇన్ని వరుసలు వదిలేయమని చెప్పే ఆఫ్‌సెట్‌తో విడతలు చేయొద్దు. మొదటి విడతలో మారిన వెయ్యి వరుసలు ఇక వేర్‌కి దొరకవు, ఆఫ్‌సెట్ మాత్రం ఇంకో వెయ్యి వదిలేసి ముందుకెళ్తుంది, ఆ వెయ్యి ఎప్పటికీ మారవు. మారుస్తున్న కాలమ్‌నే వెతుకులాటకి ఆధారం చేసుకుంటే వచ్చే ఈ తిప్పలు డేటాబేస్‌ల పుట్టుక నాటివి. 1970ల్లో ఐబీఎం సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో 25,000 డాలర్లకి తక్కువున్న జీతాల్ని 10 శాతం పెంచే అప్‌డేట్ నడిపితే, పెరిగిన జీతం ఇండెక్స్‌లో (విలువల క్రమంలో పేర్చిన సూచిక) ముందుకి జరిగి మళ్లీ మళ్లీ దొరికి, చివరికి అందరికీ కనీసం 25,000 అయ్యేదాకా పెరుగుతూ పోయింది. దాన్ని హాలోవీన్ సమస్య అంటారు. ఇప్పటి డేటాబేస్‌లు ఒక్క స్టేట్‌మెంట్ లోపల ఇలా జరగకుండా చూసుకుంటాయి. మనం విడతలుగా విడగొట్టినప్పుడు ఆ కాపలా మనదే.

అప్‌డేట్ అయ్యాక ఆ టేబుల్ మీద ట్రిగ్గర్లు (వరుస మారగానే వాటంతటవే నడిచే పనులు) ఏమున్నాయో, చివరిగా మారిన సమయం అనే కాలమ్ దానంతట అది మారిందేమో, విడిగా నడిచే సెర్చ్ ఇండెక్స్, క్యాష్ ఇంకా పాత మాటనే చూపిస్తున్నాయేమో కూడా చూడాలి. ట్రిగ్గర్ల సంగతి మాత్రం ముందే చూసుకోండి, వరుసకో మెయిల్ పంపేది ఉంటే తర్వాత చూసి లాభం లేదు.

ఇక హోదాల్లాంటి కాలమ్ ఉంటే, దాన్ని శుభ్రం చేసిన రోజే ఆ విలువల్ని విడిగా ఒక టేబుల్‌లో పెట్టి, ఉద్యోగుల టేబుల్‌లో ఐడీ మాత్రమే ఉంచండి. మ్యాపింగ్‌లో కొత్తది అని రాసిన కాలమ్‌లో మళ్లీ మళ్లీ వచ్చేవి తీసేస్తే ఆ టేబుల్ దాదాపు సిద్ధమైనట్టే, అప్పుడిక హోదా పేరు మార్చడమంటే ఒక్క వరుస మార్చడమే. వివరణల్లాంటి స్వేచ్ఛగా రాసిన టెక్స్ట్‌కి ఆ వీలు లేదు. అక్కడ మళ్లీ సెలెక్ట్, పక్కపక్కన రెండు కాలమ్‌లు, పార్సెల్ ఎక్కడుందో వెతుక్కోవడమే.